పెద్దల సీపీఆర్, ఏఈడీ పరీక్ష: షాక్ ఇచ్చాక నాడి చూడడం తప్పెలా అవుతుంది?

ప్రశ్న: స్టాఫ్ నర్సు, విజయవాడ

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. గల్ఫ్ ఉద్యోగానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారి బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, అంటే ప్రాణరక్షణ ప్రాథమిక శిక్షణ) కార్డు అడిగారు కనుక గత వారం ఒక శిక్షణ కేంద్రంలో పరీక్షకు కూర్చున్నాను. రాత పరీక్షలో 25 ప్రశ్నలకు 23 సరిగా వచ్చాయి. 84 శాతం, అంటే 21 వస్తే చాలు కనుక దాని గురించి దిగులు లేదు. ఇబ్బందంతా బొమ్మ మీద చేసి చూపించే దగ్గర వచ్చింది.

ఛాతీ ఒత్తి, శ్వాస ఇచ్చే సీపీఆర్‌లో రెండు సైకిళ్లు (30 ఒత్తిళ్లు, 2 శ్వాసలు కలిస్తే ఒక సైకిల్) పూర్తయ్యాక తోటి అభ్యర్థి ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) తెచ్చి, ఛాతీ ఒత్తే పని తాను తీసుకుని, యంత్రం నన్ను చూసుకోమన్నారు. నేను షాక్ అందించే ప్యాడ్లు ఛాతీకి అంటించి, అందరినీ దూరంగా జరగమని చెప్పి, షాక్ బటన్ నొక్కి, ఆరేళ్ల అలవాటు కొద్దీ మెడ దగ్గర వేళ్లు పెట్టి నాడి చూశాను. బోధకులు అక్కడే ఆపేశారు. రెండోసారి ఆ తప్పు చేయకుండా జాగ్రత్తపడ్డాను కానీ, ప్యాడ్లు అంటించేటప్పుడు తోటి అభ్యర్థిని "ఒక్క నిమిషం ఆగండి" అన్నందుకు మళ్లీ వెనక్కి పంపారు. షాక్ పనిచేసిందో లేదో చూసుకోకుండా మళ్లీ ఒత్తడం ఎలా సబబు? కొట్టుకోవడం మొదలుపెట్టిన గుండెను ఒత్తితే హాని కాదా? వచ్చే శనివారం మళ్లీ హాజరు కావాలి.

జవాబు 1: బీఎల్ఎస్ బోధకుడు, హైదరాబాద్

సిస్టర్ గారూ, మీరు చేసిన రెండు తప్పులూ నిజానికి ఒకటే. రెండుసార్లూ ఛాతీ మీద చేతులు లేని సమయం పెరిగింది. పరీక్షించేవారి చేతిలోని పట్టిక మొత్తం ఆ సమయం చుట్టూనే తిరుగుతుంది.

ఏఈడీ షాక్ గుండెలోని అస్తవ్యస్తమైన విద్యుత్ కదలికను, అంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌నో నాడి లేని వెంట్రిక్యులర్ టాకీకార్డియానో, ఒక్కసారిగా ఆపుతుంది. ఆ తరువాత సరైన లయ మొదలైనా, అలసిపోయిన గుండె కండరం రక్తాన్ని బలంగా నెట్టగలిగే స్థితికి రావడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో మెడ దగ్గర వేళ్లకు నాడి తగలకపోవచ్చు. తగిలినట్లు అనిపించేది మన సొంత వేళ్ల నాడి కూడా కావచ్చు. పైగా, ఒత్తడం ఆగగానే గుండె రక్తనాళాల్లో పీడనం పడిపోతుంది, మళ్లీ ఆ స్థాయికి రావాలంటే వరుసగా చాలాసార్లు ఒత్తవలసి ఉంటుంది. గుండె కొట్టుకోవడం మొదలుపెట్టాక మరో 2 నిమిషాలు ఒత్తడం వల్ల కలిగే నష్టం, ఒత్తకుండా ఊరుకోవడం వల్ల కలిగే నష్టం ముందు లెక్కలోకి రాదు. 2 నిమిషాలకు యంత్రమే లయను మళ్లీ పరిశీలిస్తుంది. ఈలోగా మనిషి కదిలినా, కళ్లు తెరిచినా, మామూలుగా ఊపిరి తీసుకున్నా ఆపవచ్చు.

కనుక షాక్ బటన్ నొక్కిన వెంటనే మీ నోటి నుంచి రావలసిన మాట "ఒత్తడం మొదలుపెట్టండి" అన్నది. ప్యాడ్లు అంటించేటప్పుడు అవతలివారు ఒత్తుతూనే ఉండాలి, మీరు వారి చేతుల పక్కనుంచి అంటించాలి. యంత్రం లయను పరిశీలించేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు మాత్రమే చేతులు తీయాలి.

మిగతా పట్టికలో అభ్యర్థులు ఎక్కువగా జారిపడేది 30 ఒత్తిళ్ల దగ్గర. వాటికి 15 నుంచి 18 సెకన్లు పట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 అన్న లెక్క అక్కడినుంచే వస్తుంది. భయంతో 12 సెకన్లలో ముగించేవారే ఎక్కువ, అంత వేగంలో లోతు 5 సెంటీమీటర్లకు చేరదు, ఛాతీ పూర్తిగా పైకి లేవదు. లోతు 6 దాటకూడదని కూడా గుర్తుంచుకోండి. రెండు శ్వాసలిచ్చి తిరిగి ఛాతీ మీదికి రావడానికి 10 సెకన్ల లోపే గడువు.

జవాబు 2: పదవీ విరమణ చేసిన నర్సింగ్ సూపరింటెండెంట్, గుంటూరు

అమ్మా, నేను చదువుకున్న రోజుల్లో ముందు గాలిదారి, తరువాత శ్వాస, ఆ తరువాతే రక్తప్రసరణ. 2010లో ఆ వరుస మార్చి ఒత్తడాన్ని ముందుకు తెచ్చారు. నా చేతులు పాత వరుస మరచిపోవడానికి రెండు రెన్యువల్స్ పట్టింది. కార్డు గడువు రెండేళ్లు కనుక ఎంత కాలమో మీరే లెక్క వేసుకోండి.

మొదట్లో నాడి చూడడం మాత్రం మీ పరీక్షలో ఉంది. శ్వాసనూ నాడినీ కలిపి ఒకేసారి, 5 సెకన్లకు తగ్గకుండా 10 సెకన్లకు మించకుండా చూడాలి. అనుమానంగా ఉంటే నాడి లేనట్లే భావించి మొదలుపెట్టాలి. మన వార్డుల్లో "ఎగశ్వాస వస్తోంది" అని డాక్టరు గారి కోసం ఎదురుచూస్తాం చూడండి, ఆ ఎగశ్వాస ఈ పరీక్షలో శ్వాస కిందికి రాదు. రాత ప్రశ్నల్లో దీన్ని తిప్పి తిప్పి అడుగుతారు.

జవాబు 3: కర్మాగార భద్రతా విభాగం ఉద్యోగి, విశాఖపట్నం

నేను వైద్య రంగంలో లేను. మాలాంటి వారికి నేర్పే కోర్సులో నాడి ఊసే ఉండదు. స్పృహ లేదు, మామూలు శ్వాస లేదు అంటే ఒత్తడం మొదలుపెట్టాలి. నేను తడబడింది ప్యాడ్ల దగ్గర. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. మా ఊళ్లో వేసవి చెమటకు ప్యాడ్ అంటుకోదు కనుక ముందు తుడవడం అలవాటు చేసుకోవాలి. మందు పట్టీ ఉంటే చేతి తొడుగుతో తీసి తుడవాలి, పేస్‌మేకర్ ఉబ్బు కనిపిస్తే దాని మీద అంటించకూడదు. మహిళల విషయంలో మంగళసూత్రం తెంచనక్కర లేదు, ప్యాడ్‌కు తగలకుండా పక్కకు జరిపితే సరిపోతుంది. కానీ జాకెట్టు తీయడానికి మొహమాటపడి బట్ట మీదే అంటించినవారిని మా శిక్షణలోనే చూశాను. ఇంకొక ప్రశ్న నన్ను పట్టేసింది: పిల్లల ప్యాడ్లు పెద్దలకు వాడవచ్చా? వాడకూడదు, శక్తి చాలదు. పెద్దల ప్యాడ్లు మాత్రం, వేరే దారి లేనప్పుడు, పిల్లలకు వాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండూ ఒకటే తప్పు అన్న మాటతో నాకు విషయం తెలిసింది. ఇంట్లో మా అబ్బాయి చేత దిండు మీద ఒత్తిస్తూ, నేను కుడిచేతిని వెనక్కి కట్టుకుని "ఒత్తడం మొదలుపెట్టండి" అనడం సాధన చేస్తున్నాను. దిండు మీద సాధన చేస్తే సరిపోతుందా?

జవాబు: బీఎల్ఎస్ బోధకుడు, హైదరాబాద్

మాటకూ వేగానికీ సరిపోతుంది, లోతుకు సరిపోదు. దిండు తేలిగ్గా లొంగుతుంది, బొమ్మ ఛాతీ అలా లొంగదు. శనివారం అరగంట ముందు వెళ్లి, బొమ్మ మీద రెండు సైకిళ్లు చేయనివ్వమని అడగండి. ఒత్తేటప్పుడు మోచేతులు వంగకుండా, భుజాలు చేతులకు సూటిగా పైన ఉండేలా మోకాళ్లు దగ్గరికి జరుపుకోండి. కుడిచేతిని ఇక విప్పేయండి, ప్యాడ్లు అంటించడానికి కావాలి.