అప్‌డేట్: మా వీధి చివరి రీసైక్లింగ్ కేంద్రం విస్తరణ గురించి

మా వీధి చివర ఉన్న చెత్త రీసైక్లింగ్ కేంద్రాన్ని పెద్దది చేస్తున్నారు, అభ్యంతరం ఎలా చెప్పాలి అని పోయిన నెల అడిగాను కదా. "ముందు లోపలికెళ్లి చూడండి" అన్న సలహా బాగా పనికొచ్చింది, చాలా థాంక్స్.

వెళ్లాం. నాకు భయం వేసింది వాసనకి కాదు, బ్యాటరీలు చూసి. చెత్త కదిలే బెల్టు పక్కన డబ్బాలో ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీలు, ఒకదాని అంచు నల్లగా మాడి ఉంది. లిథియం బ్యాటరీ నలిగితే లోపలే షార్టై మండొచ్చు. ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది కూడా. ఆ డబ్బా పక్కనే అట్టపెట్టెల బేళ్లు (నొక్కి కట్టిన కట్టలు) గుట్టగా! చెత్త చేత్తో ఏరే ఆవిడ ఇవి రోజూ వస్తాయంది. ఇన్నాళ్లూ ఆవిడ గురించి మేమెవరం ఆలోచించనే లేదు. తలుచుకుంటే సిగ్గేసింది.

అందుకే "వద్దు" అనే మాట తీసేసి అర్జీ మళ్లీ రాశాం. బ్యాటరీలకు విడిగా షెడ్డు, బేళ్ల మధ్య ఖాళీ, గాజు పగలగొట్టే పని పగలే, వాననీళ్లు చెత్త మీంచి కాలవలోకి పోకుండా పైకప్పు. మొదటి రెండూ ఒప్పుకుని కాగితం మీద రాసిచ్చారు. చెత్త లారీలు వచ్చిపోయే వేళలు మాత్రం ఇంకా తేలలేదు, వచ్చే వారం మళ్లీ కూర్చుంటున్నాం.