మత్తు ఇచ్చాక నా ఊపిరిని ఎవరు చూస్తారు? దవడ ఆపరేషన్‌కు ముందు పట్టుకున్న భయం

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి ఒక ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నా వయసు 47 సంవత్సరాలు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నా కింది దవడలో రెండు వైపులా జ్ఞానదంతాలు చిగురు దాటి బయటికి రాకుండా ఎముకలోనే అడ్డంగా పడుకుని ఉన్నాయి. కుడివైపు దంతం చుట్టూ ఒక నీటితిత్తి పెరిగి, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దాకా వచ్చిందని స్కాన్‌లో తెలిసింది. ఆపరేషన్ తప్పదని, గంటన్నర పడుతుందని, తమ క్లినిక్‌లోనే సెలైన్ ద్వారా మత్తు ఇచ్చి చేస్తామని సర్జన్ గారు చెప్పారు.

నొప్పికి నేను అంతగా భయపడను. నా భయమంతా ఆ మత్తు గురించే, దానికి కారణం కూడా ఉంది. పన్నెండేళ్ల క్రితం మా నాన్నగారిని ఒక నర్సింగ్ హోమ్‌లో హెర్నియా ఆపరేషన్‌కు చేర్పించాము. చిన్న ఆపరేషనే, కొద్దిగా మత్తు ఇస్తాము, సాయంత్రానికి లేచి కూర్చుంటారు అన్నారు. అరగంటకు లోపలి నుంచి ఒక నర్సు పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది. ఆమె వెనుక తలుపు మూసుకునే లోపు, ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి బయటికి వచ్చిన నాన్నగారి పాదాలు కనిపించాయి. కాలి గోళ్లు నేరేడుపండు రంగులో ఉన్నాయి. రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఆయన బతికి బయటపడ్డారు, ఆ తర్వాత తొమ్మిదేళ్లు మా మధ్యనే ఉన్నారు. కానీ ఆ అరగంటలో ఏమి జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు. "మందు ఒంటికి పడలేదు" అన్నారు, అంతే.

ఇప్పుడు నాకు నిద్ర పట్టబోతున్న క్షణంలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేస్తున్నాను. ఆపరేషన్ తేదీని ఇప్పటికి రెండుసార్లు మార్పించుకున్నాను. చిగురుకు ఇచ్చే ఇంజెక్షన్‌తోనే, మెలకువగా ఉండగానే చేయించుకోవడం సాధ్యమేనా? ఈ భయాన్ని దాటి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? ధైర్యంగా ఉండమని ఇంట్లో అందరూ చెబుతున్నారు. ఆ మాట నాకు రాత్రి పదకొండు గంటల తర్వాత పనిచేయడం లేదు.

జవాబు 1: కరీంనగర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి

అమ్మా, నాకు మూడేళ్ల క్రితం నాలుగు జ్ఞానదంతాలూ ఒకే రోజు తీశారు. సెలైన్‌లో మిడాజొలామ్ అనే మందు ఇచ్చారు. నా భయం మీ భయం లాంటిది కాదు. మత్తులో నోరు జారి ఇంటి సంగతులు, ఆఫీసు సంగతులు బయటపెడతానేమోనని భయపడ్డాను. ఎవరికైనా చెబితే నవ్వుతారని నెల రోజులు మనసులోనే దాచుకున్నాను. చివరికి మత్తు డాక్టరు గారితో చెబితే ఆయన నవ్వలేదు. చాలా మంది ఇదే అడుగుతారని, నోటి ఆపరేషన్‌లో నోరు తెరిచే ఉంచుతారు కాబట్టి మాట్లాడే వీలే తక్కువని నెమ్మదిగా చెప్పారు.

గోడ గడియారంలో పది ఇరవై కావడం చూశాను. చేతి మీద సూది గుచ్చినచోట చల్లగా అనిపించింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది, దూది గట్టిగా కొరికి పట్టుకోమని ఎవరో చెప్పడం. మధ్యలో డ్రిల్లు చప్పుడు, ఎవరివో మాటలు దూరంగా వినిపించినట్లు లీలగా గుర్తుంది. కానీ అప్పుడు నాకు దాని గురించి దిగులు లేదు.

నాకు పనికొచ్చిన విషయం ఒకటే చెబుతాను. ముందు రోజు సాయంత్రం వెళ్లి ఆ గది చూసి వచ్చాను. నన్ను పడుకోబెట్టే కుర్చీ, ఆక్సిజన్ సిలిండర్, వేలికి తగిలించే క్లిప్పు అన్నీ చూశాను. ఊహలో ఉన్న గది కంటే అసలు గది చాలా చిన్నది. ఆ రాత్రి నాలుగు గంటలైనా నిద్రపోయాను.

జవాబు 2: విశాఖపట్నం నుంచి ఒక మత్తు వైద్యురాలు

టీచరు గారూ, పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ముందుగా మీ నాన్నగారి విషయం. దూరం నుంచి తీర్పు చెప్పడం సరికాదు. అయితే మత్తు లోతు పెరిగినప్పుడు గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి వెళ్లే దారి మూసుకుపోవడం మాకు బాగా తెలిసిన ప్రమాదం. ఊపిరినే చూస్తూ పక్కన ఒక మనిషి ఉంటే, గడ్డాన్ని పైకెత్తి దవడను ముందుకు నెట్టడంతోనే చాలాసార్లు అది సర్దుకుంటుంది. ఎవరూ చూడకపోతే అదే ప్రాణం మీదికి వస్తుంది. మీకు ఆ రోజు వివరం చెప్పకపోవడం అన్యాయం. మీ భయం పిరికితనం కాదు, కళ్లారా చూసినదాన్ని మీ ఒళ్లు మరిచిపోలేదు.

మత్తుకు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో మనిషి కాస్త తేలికపడతారు. రెండో మెట్టులో కళ్లు మూతలు పడుతున్నా, పిలిస్తే పలుకుతారు, ఊపిరి తమంతట తామే తీసుకుంటారు. మూడో మెట్టు గాఢమైన మత్తు, అక్కడ శ్వాసకు సాయం అవసరం కావచ్చు. నాలుగోది జనరల్ అనస్థీషియా, అంటే పూర్తిగా స్పృహ లేని స్థితి. రెండో మెట్టు అనుకుని మొదలుపెట్టినా, మందుకు ఒక్కొక్కరి శరీరం ఒక్కో విధంగా స్పందిస్తుంది కనుక మూడో మెట్టుకు జారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల ఏ మెట్టుకు మత్తు ఇస్తున్నా, దాని తర్వాతి మెట్టును కూడా సంబాళించగల మనిషి, పరికరాలు ఆ గదిలో ఉండాలి. నోటి ఆపరేషన్‌లో మరొక చిక్కు ఉంది. సర్జన్ పనిచేసే చోటు, రోగి ఊపిరి పోయే దారి ఒకటే. అదే దారిలో డ్రిల్లు నీళ్లు, రక్తం కూడా చేరుతుంటాయి.

కాబట్టి మీరు సర్జన్ గారిని సూటిగా అడగవలసిన ప్రశ్నలు ఇవి. మత్తు ఎవరు ఇస్తారు, ఆ వ్యక్తి పని మొదలైనప్పటి నుంచి మీరు మేలుకునే దాకా మరో పని పెట్టుకోకుండా మీ దగ్గరే ఉంటారా? వేలి క్లిప్పుతో పాటు క్యాప్నోగ్రాఫ్ ఉందా? వేలి క్లిప్పు కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లోనూ చూసినదే, కానీ ఊపిరి ఆగిన కొంతసేపటికి గానీ అందులో ఆక్సిజన్ అంకె పడిపోదు. క్యాప్నోగ్రాఫ్ వదిలిన ప్రతి ఊపిరినీ అప్పటికప్పుడు తెర మీద గీతగా చూపిస్తుంది. మీ ప్రశ్నకు జవాబు నిజంగా ఆ గీతలోనే ఉంది. మిడాజొలామ్‌కు ఫ్లూమాజెనిల్, ఫెంటానిల్ వంటి నొప్పి మందులకు నాలోక్సోన్ విరుగుడుగా పనిచేస్తాయి. ప్రొపొఫాల్ అనే మత్తుమందుకు విరుగుడు లేదు గానీ ఆపిన కొన్ని నిమిషాల్లోనే దాని ప్రభావం తగ్గిపోతుంది. ఇవన్నీ అడిగితే విసుక్కునే చోట చేయించుకోకండి.

కరీంనగర్ సోదరులు చప్పుళ్లు విన్నామన్నారు. సెడేషన్‌లో, అంటే పూర్తిగా నిద్రపుచ్చని మత్తులో, అది సహజం, మత్తు సరిపోలేదని అర్థం కాదు. బ్రిటన్, ఐర్లండ్ దేశాల వైద్యులు 2014లో వెలువరించిన పెద్ద నివేదికలో, జనరల్ అనస్థీషియా మధ్యలో మెలకువ వచ్చిందని చెప్పినవారు సుమారు 19 వేల మందికి ఒకరు మాత్రమే. సెడేషన్ తీసుకుని "నాకు మెలకువ వచ్చింది" అని బాధపడినవారు కూడా అందులో కనిపించారు. పూర్తిగా నిద్రపోతామనుకుని వెళ్లడమే వారి బాధకు మూలం.

ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. పంటి వైద్యానికీ మత్తుకూ పుట్టుకతోనే చుట్టరికం. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చి, ముందుగా తన పన్నే తీయించుకుని చూశాడు. మన హైదరాబాదులో 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి ఆధ్వర్యంలో, క్లోరోఫాం అనే మత్తుమందును పరీక్షించిన క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం గుండెకు హాని చేయదన్న వారి మాట తర్వాత తప్పని తేలింది. కానీ మత్తు ఇచ్చే మనిషి ఊపిరి మీద నుంచి చూపు తిప్పకూడదన్న పట్టుదల మాత్రం నిలిచింది. ఆ కాలంలోనే అక్కడ క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. ఆమె పేరు తలచుకున్నప్పుడల్లా నా వృత్తి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

చివరగా, ఆ గాలి దారి గురించే ఒక ప్రశ్న. మీరు గురక పెడతారా? మీ నాన్నగారు పెట్టేవారా? మొహమాటపడకుండా చెప్పండి. మరొక మాట, భయం తగ్గుతుందని ముందు రాత్రి ఎవరి దగ్గరో ఉన్న నిద్రమాత్ర సొంతంగా వేసుకోకండి. మరునాటి మత్తుకు అది తోడై లెక్క తప్పిస్తుంది.

జవాబు 3: గుంటూరు నుంచి ఒక గృహిణి

అక్కా, నేను మెలకువగానే చేయించుకున్నాను, అందుకే రాస్తున్నాను. నాకు నీటితిత్తి లేదు, రెండు దంతాలే, అవి కూడా నెల వ్యవధిలో రెండు విడతలుగా తీశారు. చిగురును మొద్దుబార్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషానికి గుండె దడదడలాడింది. ప్రాణం పోతోందనుకున్నాను. అందులో కలిపిన అడ్రినలిన్ వల్ల అలా అవుతుందని, రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పారు, అలాగే తగ్గింది. ముందే చెప్పి ఉంటే అంత హడలిపోయేదాన్ని కాదు. నొప్పి తెలియదు గానీ ఒత్తిడి, ఎముక చప్పుడు అన్నీ తెలుస్తాయి. ఎడమచెయ్యి ఎత్తితే ఆపుతామన్నారు, నాలుగుసార్లు ఎత్తాను, నాలుగుసార్లూ ఆపారు. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమన్నారు. మీరు లెక్కల టీచరు కాబట్టి అది మీకు బాగా కుదురుతుంది. అయితే మీది గంటన్నర పని. నరం పక్కన పనిచేసేటప్పుడు మీరు కదిలితే ఎలాగో సర్జన్‌నే అడగండి.

మళ్లీ ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీ ప్రశ్న చదివాక చాలాసేపు ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. నాన్నగారి గురక వీధి అరుగు దాకా వినిపించేది. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయి, మళ్లీ పెద్ద శబ్దంతో మొదలయ్యేది. అది గాఢనిద్ర అనుకునేవాళ్లం. నేనూ గురక పెడతానని మావారు పదేళ్లుగా అంటున్నారు. ఆడదాన్ని, ఎలా చెప్పుకుంటానని సర్జన్ గారు ఇచ్చిన కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మీరు రాసిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని సర్జన్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన విసుక్కోలేదు. గురక సంగతి విని, నన్ను తాను ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలోని మత్తు డాక్టరు గారి దగ్గరకు పంపారు. ఆవిడ నోరు తెరిచి నాలుక బయటపెట్టమన్నారు, తల వెనక్కి వంచమన్నారు, టేపు తెచ్చి నా మెడ కొలిచారు. పగలు తరగతిలో కునుకు వస్తుందా, బీపీ ఉందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అని అడిగారు. చివరి ప్రశ్నకు మావారు నా కంటే ముందే అవునన్నారు. నిద్ర పరీక్ష కూడా చేయించారు.

నిద్రలో ఊపిరి ఆగే ఇలాంటివారికి గొట్టం లేకుండా గాఢమైన మత్తులోకి తీసుకువెళ్లడం కంటే, ముక్కు గుండా శ్వాసనాళంలోకి గొట్టం వేసి, గాలి దారిని తమ చేతిలో ఉంచుకుని, జనరల్ అనస్థీషియా ఇవ్వడమే మేలని ఆవిడ నిర్ణయించారు. నేను పారిపోతున్న మెట్ల వరుసలో అన్నిటికంటే పై మెట్టు అది. అయినా ఆ మాట విన్నాక నా గుండె బరువు తగ్గింది, ఎందుకంటే నాన్నగారి ఊపిరి ఆ రోజు ఎవరి చేతిలోనూ లేదు. లేచాక ఒకటి రెండు రోజులు గొంతు నొప్పిగా ఉంటుందని, ఆ రాత్రి ఇంటికి పంపకుండా వేలి క్లిప్పు పెట్టి గమనిస్తామని చెప్పారు. అన్నం 6 గంటల ముందు, వేపుళ్లయితే 8 గంటల ముందు ఆపాలని, మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకు తాగవచ్చని, పాలు కలిపిన టీ, మజ్జిగ నీళ్ల కింద లెక్కకు రావని రాసిచ్చారు. ఆ గోళ్ల సంగతి కూడా ఆవిడకు చెప్పాను. నా చేతి గోళ్ల రంగు తుడిచి రమ్మన్నారు. ఆ పని ఆ సాయంత్రమే చేశాను.

భయం పూర్తిగా పోయిందని చెప్పలేను. నిన్న రాత్రి కూడా ఒకసారి ఉలిక్కిపడి లేచాను, కానీ ఆరు లెక్కపెడుతూ వదిలితే మళ్లీ నిద్ర పట్టింది. సంతకం పెట్టే ముందు ఆవిడను ఒక్కటే అడిగాను, పని పూర్తయ్యేదాకా మీరు గదిలోనే ఉంటారా అని. ఆవిడ బల్ల మీది డ్యూటీ పుస్తకం నా వైపు తిప్పి గురువారం పేజీ చూపించారు. ఆ ఉదయం ఆవిడ పేరుకు ఎదురుగా నా పేరు ఒక్కటే రాసి ఉంది.