లాటిన్ జాజ్ కచేరీలో కూర్చుని వినాలా, లేచి ఆడొచ్చా?

హడ్సన్ గట్టు:
మొన్న శనివారం మాన్‌హట్టన్‌లో ఒక థియేటర్‌లో లాటిన్ జాజ్ (క్యూబా లయలూ అమెరికా జాజూ కలిసిన సంగీతం) బిగ్ బ్యాండ్ కచేరీకి నేనూ మా ఆవిడా వెళ్లాం. ఇద్దరికీ ఈ సంగీతం లైవ్‌గా వినడం ఇదే మొదటిసారి. సగం అయ్యాక ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన, ఆయన భార్య, ఎనభైకి దగ్గర్లో ఉంటారేమో, లేచి పక్క నడవలోకి వచ్చి డాన్స్ మొదలుపెట్టారు. వెనకనుంచి ఎవరో "కూర్చోండి, కనిపించట్లేదు" అని అరిచారు, థియేటర్ వాళ్లు వచ్చి కూర్చోబెట్టేశారు. మా ఆవిడకి చాలా బాధేసింది. నాకేమో డబ్బులు పెట్టి టికెట్ కొన్నవాడు అడిగితే తప్పేముంది అనిపించింది. ఇంటికొచ్చేదాకా ఇదే వాదన. తెలిసినవాళ్లు చెప్పండి, ఎవరిది రైటు?

మృదంగ శిష్యుడు:
అడిగినాయనదే రైటు, కాకపోతే అరవకుండా అడగాల్సింది. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే సంగీతం, మన మనోధర్మం లాంటిదే. పియానో ఆయన సోలోలో ఎటు వెళ్తున్నాడు, ఎలా తిరిగి వస్తున్నాడు అని చెవి పెట్టకపోతే ఇక వినడం ఎందుకు? మన సభల్లో తని ఆవర్తనం నడుస్తుంటే ఎవరైనా లేచి చిందులేస్తే ఊరుకుంటామా? చేత్తో తాళం వేస్తూ కూర్చుంటాం, ఆ శ్రద్ధే వాయించేవాడికి మనమిచ్చే గౌరవం.

జాక్సన్ హైట్స్:
శిష్యుడు గారూ, మన సభ పద్ధతి తీసుకెళ్లి అక్కడ పెట్టడమే నాకు నచ్చలేదు. ఈ సంగీతం పెరిగిందే డాన్స్ హాళ్లలో. 1940లో న్యూయార్క్‌లో మచీటో అనే గాయకుడు తన ఆఫ్రో-క్యూబన్స్ బ్యాండ్ పెట్టాడు. దాన్ని నడిపించిన సంగీత దర్శకుడు మారియో బౌసా హవానాలో పుట్టినవాడు, అంతకుముందు చిక్ వెబ్, క్యాబ్ కాలోవే జాజ్ బ్యాండ్లలో ట్రంపెట్ వాయించాడు, కాబట్టి న్యూయార్క్ నల్లజాతి పేట హార్లెమ్ బ్రాస్ (ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలు) ఎలా మోగాలో తెలుసు, క్యూబా డోలు ఎలా నడవాలో చిన్నప్పటినుంచీ తెలుసు. 1950ల్లో బ్రాడ్‌వే, 53వ వీధి దగ్గర పలేడియం అని ఒక బాల్‌రూమ్ ఉండేది. మచీటో, టీటో పుయెంతే, టీటో రోద్రిగెస్, ముగ్గురి బ్యాండ్లూ అక్కడ వాయించేవి. ప్యూర్టో రికో వాళ్లు, క్యూబా వాళ్లు, హార్లెమ్ నల్లజాతి వాళ్లు, యూదులు, ఇటాలియన్లు అందరూ ఒకే నేల మీద ఆడేవాళ్లు. అది 1966లో మూతపడింది. మీరు చూసిన ఆ దంపతులు అప్పటికి కుర్రవయసులో ఉండుంటారు, ఆలోచించండి.

ఇంకో మాట. ఈసారి వెళ్తే టింబాలెస్ (పుల్లలతో వాయించే జంట లోహపు డ్రమ్ములు) వాయించేవాణ్ని గమనించండి. పియానో సోలో నడుస్తున్నంతసేపూ డ్రమ్ము లోహపు పక్కభాగం మీద పుల్లతో సన్నగా టకటకమనిపిస్తూ ఉంటాడు, బ్రాస్ మొత్తం లేచే చోటు రాగానే చెయ్యి గంట మీదికి పోతుంది. ఆడేవాళ్లకి ఆ గంటే పిలుపు, అక్కడ అడుగు మారుతుంది. కుర్చీలో ఉన్నవాడికి అది చప్పుడు పెరిగినట్టు అనిపిస్తుందంతే. నేనుండే చోట 74వ వీధిలో మన పచారీ కొట్లు దాటి రూజ్‌వెల్ట్ అవెన్యూలోకి వస్తే అంతా కొలంబియా, ఈక్వడార్ వాళ్ల దుకాణాలే. కొట్టులోంచి పాట వినిపిస్తే చేతిలో కూరగాయల సంచితోనే ఒక పెద్దావిడ నాలుగడుగులు వేసి తన దారిన వెళ్లిపోతుంది, ఎవరూ వింతగా చూడరు. ఆవిడ వినట్లేదని ఎలా అంటాం?

మృదంగ శిష్యుడు:
చరిత్ర బాగా చెప్పారు, కానీ సగమే చెప్పారు. 1947 సెప్టెంబర్ 29న జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ, క్యూబా నుంచి వచ్చిన కాంగా (చేతులతో వాయించే పొడవాటి డోలు) వాద్యకారుడు చానో పోసో కలిసి వాయించింది కార్నెగీ హాల్లో. అక్కడ ఆడటానికి చోటెక్కడిది? 1950లో చీకో ఓఫారిల్ రాసిన ఆఫ్రో-క్యూబన్ జాజ్ సూట్ కూడా అంతే, మచీటో బ్యాండ్‌తో జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ వాయించాడు, నడక మారుతూ పోయే పెద్ద రచన అది, కూర్చుని వినాల్సిందే. పైగా చానో పోసో ఆ కార్నెగీ కచేరీలో అబాకువా అనే క్యూబా రహస్య సంఘం జపాలు కూడా పాడాడు. అలాంటివి వచ్చినప్పుడైనా నిశ్శబ్దంగా ఉండాలి కదా.

జాక్సన్ హైట్స్:
సూట్ విషయంలో మీతో పేచీ లేదు, నేనూ కూర్చునే వింటా. కానీ జపాలన్నారు చూడండి, అక్కడ మాత్రం ఒప్పుకోను. క్యూబాలో అబాకువా వేడుకల్లో ముసుగు వేషాల వాళ్లు ఆడతారు. ఒరిషా దేవతల కోసం మూడు బాటా డోళ్లు వాయిస్తారే, అక్కడా ఆట ఉంటుంది, ఆ ఆటలోనే దేవత పూనుతుందని వాళ్ల నమ్మకం. అక్కడ భక్తికీ ఆటకీ మధ్య గోడ లేదు. మనకి అలవాటైన మౌనాన్ని వాళ్ల దేవుళ్ల మీద రుద్దితే ఎలా?

కాంగా క్లాస్:
మీరిద్దరూ ఆట దగ్గరే ఆగిపోయారు, నన్నడిగితే అసలు గొడవ చప్పట్లది. దీనికంతా వెన్నెముక క్లావే, అంటే పాటంతా మళ్లీ మళ్లీ తిరిగే ఐదు దెబ్బల వరస. పదహారు మాత్రలు లెక్కపెట్టుకుని 1, 4, 7, 11, 13 దగ్గర కొట్టి చూడండి, అదే సోన్ (క్యూబా పాటల బాణీ) క్లావే మూడు-రెండు, మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండో సగంలో రెండు. కొన్ని పాటలకి రెండు ముందొస్తాయి, మూడు తర్వాత. ఒక్కోసారి దాన్ని ఎవరూ పైకి వాయించరు, అయినా బ్యాండ్‌లో ప్రతివాడూ దానికి కట్టుబడే వాయిస్తాడు. ఇది తెలియక హాలంతా ప్రతి దెబ్బకీ చప్పట్లు మొదలుపెడితే స్టేజి మీద వాళ్లకి నరకం. ఆడేవాళ్లు అడ్డొస్తే ఒక వరసకే ఇబ్బంది, చప్పట్లు తప్పితే అందరికీ.

శిష్యుడు గారూ, మీకు ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. సమం ఎక్కడా అని బేస్ వైపు చూస్తారు, ఆయనేమో నాలుగు దెబ్బల లెక్కలో చాలాసార్లు నాలుగో దెబ్బ మీద స్వరం పట్టి మొదటి దెబ్బ మీదుగా సాగదీస్తాడు, సమం దగ్గర కొత్తగా మీటడు. అది దొరకాలంటే ఒంట్లో కాస్త కదలిక ఉండాలి. కుర్చీలోనైనా సరే, మడమ కదలనివ్వండి.

హడ్సన్ గట్టు:
బేస్ దగ్గర నేనూ ప్రతిసారీ తప్పిపోయాను, ఇప్పుడు అర్థమైంది. మా ఆవిడ అడగమంటోంది: ఆడాలనుకునేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి మరి?

జాక్సన్ హైట్స్:
టికెట్ కొనేముందు డాన్స్ ఫ్లోర్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, చెప్తారు. వేసవిలో పార్కుల్లో ఉచిత కచేరీలుంటాయి, అక్కడైతే అడిగే పనే లేదు. అయినా థియేటర్లే మారాలి అంటాను నేను. ఇలాంటి బ్యాండ్‌ని పిలిచినప్పుడు ఒక పక్క కొన్ని కుర్చీలు తీసేయడం అంత కష్టమా?

మృదంగ శిష్యుడు:
నడవలో మాత్రం వద్దు, నిప్పు అంటుకుంటే జనం బయటికి పోయే దారి అది. కుర్చీలు తీసేయమని ఆ థియేటర్‌కి రాస్తానంటే నా సంతకం కూడా పెట్టండి. పక్కన అయితేనే, మధ్యలో అంటే పెట్టను.