నాసిక్ ట్రిప్‌లో వైన్ టేస్టింగ్: అత్తమామలు, పిల్లలతో వెళ్ళొచ్చా?

హైదరాబాద్ కోడలు:
జనవరి చివర్లో అందరం నాసిక్ వెళ్తున్నాం. మామయ్యగారికి త్ర్యంబకేశ్వరం దర్శనం కావాలి, మావారికి సూలా వైన్‌యార్డ్ చూడాలని ఉంది. దర్శనం అయ్యాక అదే రోజు మధ్యాహ్నం టేస్టింగ్‌కి వెళ్దామని ఈయన, తీర్థయాత్రకి వచ్చి అదేం పని అని అత్తయ్యగారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

గోదారి గట్టు:
వద్దండీ. మనం రాజమండ్రిలో పుష్కర స్నానం చేసే గోదావరి పుట్టింది త్ర్యంబకం పక్కన బ్రహ్మగిరి మీదే. పొద్దున అక్కడ దణ్ణం పెట్టుకుని మధ్యాహ్నానికి గ్లాసులు పట్టుకుంటే పెద్దవాళ్ళ మనసు నొచ్చుకోదా? తాగడం తప్పని కాదు నేననేది. ఆ సరదా ఉంటే మీరిద్దరూ విడిగా ఇంకోసారి వెళ్ళండి. అందరూ కలిసి వెళ్ళిన ట్రిప్‌లో సగంమంది ఊరికే కూర్చుని మిగతావాళ్ళ కోసం ఎదురుచూడటం అన్యాయం.

ద్రాక్ష పందిరి:
గట్టుగారూ, వైన్‌యార్డ్ అంటే బార్ కాదండీ, ముందు అది పొలం. జనవరిలో వెళ్తున్నారు కాబట్టే తప్పకుండా చూడమంటాను. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తీగలు కత్తిరిస్తే జనవరి నుంచి మార్చి లోపు కాపు కోతకొస్తుంది, యూరప్‌లో ఇదే కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. పిల్లలకి ఒక నల్లద్రాక్ష చిదిమి చూపించండి, లోపల గుజ్జుకి రంగుండదు, రంగంతా తొక్కలోనే. తొక్కలతో కలిపి పులియబెడితే రెడ్ వైన్, రసం పిండి తొక్క తీసేస్తే వైట్. ఇది కళ్ళారా చూసిన పిల్లాడు మర్చిపోడు. టేస్టింగ్‌లో పోసేది కూడా గుక్కెడే, గ్లాసు కాడ పట్టుకుని తిప్పి, వాసన చూసి, చప్పరించడం. మహారాష్ట్రలో వైన్‌కి 21 నిండాలి కాబట్టి పిల్లలకి పోసే ప్రసక్తే లేదు.

కానీ అదే రోజు మాత్రం వద్దు. అత్తయ్యగారి మాట అక్కడ న్యాయమే. ఇంకోరోజు పెట్టుకోండి, కారు నడిపేవాళ్ళు చుక్క ముట్టుకోకూడదు. మొదటిసారి దొరికినా పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

శాతవాహన అభిమాని:
మీరంతా పాండవలేణి గుహల్ని వదిలేశారేంటి! మూడో గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది, కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పతనం చెబుతూ, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట. తెలుగువాళ్ళు నాసిక్ దాకా వెళ్ళి అది చూడకుండా రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులుంటే పెద్దవాళ్ళని ఎక్కించకండి.

గోదారి గట్టు:
పందిరిగారూ, తోట చూపించడం వరకు ఒప్పుకుంటా. పిల్లల ఎదురుగా టేస్టింగ్‌కి మాత్రం ఒప్పుకోను. ఇంట్లో నాన్న తాగడం చూడని పిల్లాడికి మొదటిసారి అది సెలవుల సంబరంలా కనబడటం నాకు నచ్చదు.

ద్రాక్ష పందిరి:
దాచిపెట్టి తాగడం చూస్తే అంతకన్నా చెడు నేర్చుకుంటారని నా నమ్మకం. ఇక్కడ మనిద్దరికీ కుదరదు లెండి.

హైదరాబాద్ కోడలు:
అందరికీ థాంక్సండీ. మొదటి రోజు త్ర్యంబకం, రామకుండం, కాలారామ్ గుడి. రెండో రోజు పొద్దున గుహలకి నేనూ పిల్లలూ వెళ్తాం. తోట చుట్టూ అందరం తిరుగుతాం, టేస్టింగ్‌కి మావారొక్కరే, ఆయన స్టీరింగ్ పట్టరు. మరి మిసల్ పావ్ అత్తయ్యగారు తినగలరా, బాగా కారమా?

శాతవాహన అభిమాని:
మొలకెత్తిన మట్కీ గింజల కూర మీద మిక్చర్ చల్లి, ఎర్రటి రస్సా, అంటే పల్చటి పులుసు, పోస్తారండీ. కారమంతా ఆ రస్సాలోనే. రస్సా విడిగా ఇమ్మని అడిగి, పెరుగు కలిపి పెట్టండి, హాయిగా తింటారు.