మనిషి బానిస "అయ్యాడా", "చేశారా"?

గోదావరి గట్టు: అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథలో (1845), తనను కొట్టి లొంగదీయాలని చూసిన కోవీ అనే రైతుతో పెనుగులాటకు ముందు వచ్చే వాక్యం రెండు రోజులుగా వదలడం లేదు. "మనిషి బానిస ఎలా అయ్యాడో చూశారు, బానిస మనిషి ఎలా అయ్యాడో చూస్తారు" అని తెలుగులో ఎక్కడో విన్నట్టు గుర్తు. ఆ "అయ్యాడో" అక్కడ ఉండవలసిన మాటేనా?

బందరు మాస్టారు: ఉండకూడదు. "అయ్యాడు" అంటే ముసలివాడు అయినట్టు, కాలమో కర్మో కారణమైనట్టు వినిపిస్తుంది. మూలంలో రెండుచోట్లా ఉన్నది చేయడమే. "మనిషిని బానిసగా ఎలా చేశారో" అనాలి. చిన్నప్పుడు చలికి పగిలిన తన పాదాల గురించి ఏం రాశాడో గుర్తుందా? ఆ నెర్రెల్లో, ఇప్పుడు రాస్తున్న కలం పడుకోబెట్టవచ్చునంటాడు. చలి దానంతట అదే వచ్చింది. చెప్పులు ఇవ్వనిది మాత్రం మనుషులు.

పాత అచ్చు: మరి రెండో సగం మాటేమిటి మాస్టారూ? "బానిసను మనిషిని చేశారు" అంటే ఎవరో దయతలిచినట్టు అవుతుంది. 1834 ఆగస్టులో కోవీతో దాదాపు రెండు గంటలు పెనుగులాడి డగ్లస్ తనను తాను మనిషిని చేసుకున్నాడు. మిగిలిన ఆరు నెలల్లో కోవీ మళ్లీ అతని మీద చెయ్యి వేయలేదు. మీ "చేశారు" పెడితే ఆ వాక్యపు తూకం పోతుంది.

తెనాలి పాఠకురాలు: మీరు క్రియ దగ్గరే ఆగారు. నాకు నామవాచకం మీదే అనుమానం. మూలంలోని "man" అక్కడ "మనిషి"యా, "మగవాడు"యా? ఆ ఘట్టం చివర అతను చెప్పేది పౌరుషం గురించే. తన బానిస జీవితాన్ని పుస్తకంగా రాసిన (1861) హారియట్ జేకబ్స్ యజమానికి చిక్కకుండా దాదాపు ఏడేళ్లు దాక్కున్న అటక అత్యధిక ఎత్తు 3 అడుగులు. ఆమె ఎవరితోనూ కలబడలేదు. ఆమె ఏమైనట్టు?

పాత అచ్చు: అందుకే "మనిషి" అన్న మాట ఉంచాలి అమ్మా. ఇద్దరికీ చాలుతుంది.

బందరు మాస్టారు: జాషువా "గబ్బిలం"లో దళితుణ్ణి గురించిన పద్యంలోనూ ఇదే చిక్కు. "భరతోర్వరకుం గడగొట్టు బిడ్డడై". ఆ "కడగొట్టు"లో నాకు ఎప్పుడూ కొట్టడమే వినిపిస్తుంది. కడకు కొట్టిన బిడ్డడు. కొట్టినవాళ్లు ఉన్నారని ఆ సమాసమే చెబుతోంది.

పాత అచ్చు: అది మీ ప్రేమ మాస్టారూ, వ్యుత్పత్తి కాదు. కడగొట్టు అంటే చివరివాడు, అంతే. మా ఇంట్లో కడగొట్టు తమ్ముణ్ణి ఎవరూ కొట్టలేదు, నెత్తిన పెట్టుకున్నారు.

బందరు మాస్టారు: ఇంట్లో కడగొట్టువాడికి ముద్దులు, దేశానికి కడగొట్టువాడికి వెలి. జాషువా ఆ మాటను ఎంచుకున్నదే అందుకని నా నమ్మకం. ముద్దుమాటను పట్టుకుని గాయం చూపించాడు. "చిక్కిన కాసుచే దనివి చెందు" అన్న మొదటి పాదం చూడండి. ఆ తనివి కూడా నమ్మదగినది కాదు. బానిసల పాటలు విని వాళ్లు సంతోషంగా ఉన్నారనుకునేవాళ్లను డగ్లస్ తప్పుపట్టాడు. అత్యంత దుఃఖంలోనే వాళ్లు ఎక్కువ పాడేవారన్నాడు.

తెనాలి పాఠకురాలు: ఆ పోలికకు నమస్కారం. కానీ "కడగొట్టు" విషయంలో మాత్రం నేను పాత అచ్చు గారి పక్షమే.

గోదావరి గట్టు: నా ప్రశ్న ఇప్పుడు ఇంకాస్త పెరిగింది. డగ్లస్ చిన్నప్పటి యజమానురాలు సోఫియా ఆల్డ్ సంగతి చూడండి. డగ్లస్ రాకముందు ఆమె చేతికింద బానిసలు లేరు. అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది ఆమె. భర్త వద్దన్నాడు. కొన్నాళ్లకు డగ్లస్ చేతిలో వార్తాపత్రిక కనబడితే లాక్కునేదీ ఆమే. బానిసత్వం తనకు చేసినంత హాని ఆమెకూ చేసిందని డగ్లస్ రాశాడు. ఆమె యజమానురాలు "అయిందా", "చేశారా"?