అప్‌డేట్: సిరాబుడ్డి కోసం వెళ్తే పార్కర్ 51 ఇంకు పెన్ను దొరికింది

విజయవాడలో పాత ఇంకు పెన్నులు, ఇత్తడి సిరాబుడ్లు ఎక్కడ దొరుకుతాయని గత నెల అడిగాను కదా. మీరు చెప్పినట్లే వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లన్నీ నాలుగు ఆదివారాలు తిరిగాను. సిరాబుడ్డి దొరకలేదు. కానీ ఒక కొట్లో, తుప్పుపట్టిన తాళాల డబ్బా అడుగున, పార్కర్ 51 కనిపించింది! ఆ మోడల్ 1941లో వచ్చింది. నాకు దొరికింది 1948లో మొదలైన, నొక్కి సిరా నింపే రకం. పాళీ కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది, ఎంత అందమో! ఎనిమిది వందలు ఇచ్చాను.

పెన్ను కడగడానికి వేడినీళ్లు వద్దన్నవారికి చేతులెత్తి దండం. చల్లటి నీళ్లలో రెండు రాత్రులు నానబెడితే, ఎండిన నీలి సిరా సన్నటి దారాల్లా విడిపోయింది. ఇప్పుడు జారిపోతున్నట్లు రాస్తోంది.

ఆ కొట్లో దాని పక్కనే ఒక నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను, వెలుతురుకు వెలిసి గోధుమరంగుకు తిరిగి ఉంది. పాడైందనుకుని వదిలేశాను. రంగు వెలిసిందే తప్ప పాడవలేదని తర్వాత తెలిసింది. ఈ ఆదివారం దానికోసమే వెళ్తున్నాను.