బ్యానిషెడ్డా, బ్యానిష్టా? ఒకే పాదంలో రెండూనా?

అరసున్న:
రెండు రోజులుగా ఒక పాదం నాలుక మీదే తిరుగుతోంది. షేక్‌స్పియర్ "రోమియో అండ్ జూలియట్" నాటకంలోది. తనని వెరోనా ఊరి నుంచి వెళ్లగొట్టారని విన్నాక, మూడో అంకంలో సన్యాసి ఫ్రయర్ లారెన్స్ దగ్గర రోమియో అనే మాట: "హెన్స్ బ్యానిషెడ్ ఈజ్ బ్యానిష్ట్ ఫ్రమ్ ద వరల్డ్", అంటే ఇక్కణ్ణుంచి వెలి అయితే లోకం నుంచే వెలి. మొదటిది మూడక్షరాలు, రెండోది రెండు అని గుర్తు. తారుమారు చేశానేమో అని అనుమానం. సరిగ్గానే గుర్తుంటే, ఒకే క్రియని పక్కపక్కనే రెండు రకాలుగా పలికించడంలో అర్థభేదం ఉందా, పాదానికి పది అక్షరాలు సరిపెట్టడమేనా?

ద్రుతం:
సరిగ్గానే గుర్తుంది. తారుమారు చేసినా లెక్క పదే వస్తుంది, అదే తమాషా. కానీ "హెన్స్ బ్యానిష్ట్ ఈజ్ బ్యానిషెడ్" అంటే రెండో "బ్యా" ఐదో స్థానంలో పడుతుంది. సరిసంఖ్య స్థానాల్లో పడాల్సిన ఊనిక (అక్షరాన్ని నొక్కి పలకడం) బేసిలో పడి, నడక కుంటుతుంది. మీరు చెప్పిన వరుసలో "బ్యా" రెండుసార్లూ 2, 6 స్థానాల్లో చక్కగా కూర్చుంటుంది. మన లెక్కలో ఐదు వగణాలు (లఘువు, వెంటనే గురువు).

హల్లు:
వగణం అనకండి. మన గురువుకి కొలత పలికే కాలం, వాళ్లకి కొలత ఊనిక. "వరల్డ్" ఎంతసేపు పలికామన్నది అక్కడ లెక్కకు రాదు.

శకటరేఫం:
అర్థభేదం ఉందనే నా పక్షం. క్రియ చివర ఈడీ (-ed) చేరిన రూపం విశేషణమైతే ఆ ఈడీలోని అచ్చు నిలుస్తుంది, క్రియైతే పోతుంది. "లర్న్" క్రియగా "లర్న్‌డ్" (లేదా "లర్న్‌ట్"), పండితుణ్ణి అంటే "లర్నెడ్". "ఏజ్‌డ్ సిక్స్‌టీ" అంటాం, ముసలాయన మాత్రం "ఏజిడ్ మ్యాన్". "వికెడ్, నేకెడ్, రగ్గెడ్" సరేసరి. కాబట్టి రోమియో మొదటి మాట విశేషణం, రెండోది "ఈజ్"తో కలిసిన కర్మణి క్రియ. మొదటిదాన్ని "హెన్స్"తో హైఫన్ పెట్టి అచ్చువేసే సంపాదకులూ ఉన్నారు.

హల్లు:
అదే దృశ్యంలో ఫ్రయర్ మాట చూడండి: "హెన్స్ ఫ్రమ్ వెరోనా ఆర్ట్ దౌ బ్యానిషెడ్". "ఆర్ట్" పక్కనే ఉంది, కర్మణి క్రియే, అయినా మూడక్షరాలు. అంతకు ముందు దృశ్యంలో జూలియట్ "దట్ బ్యానిషెడ్, దట్ వన్ వర్డ్ బ్యానిషెడ్" అన్నప్పుడూ రెండుచోట్లా మూడే. రెండక్షరాలుగా చదివితే పాదంలో ఎనిమిదే మిగులుతాయి.

శకటరేఫం:
నాటకానికి నా సూత్రం చాలదు, ఒప్పుకుంటున్నాను. నేటి భాషకి చాలా వరకు నిలుస్తుంది. పైగా "లీ" చేరగానే పోయిన అచ్చు తిరిగొస్తుంది: "మార్క్‌ట్" కాస్తా "మార్కెడ్లీ", "సపోజ్‌డ్" కాస్తా "సపోజెడ్లీ".

ద్రుతం:
పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలంలో ఆ అచ్చు మామూలుగా పలికేదే. ఆయన కాంటర్బరీ కథల రెండో పాదంలో "పెర్సెడ్" రెండక్షరాలు. 1712లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఈ అచ్చు మింగడాన్ని ఎంత దుయ్యబట్టాడో! "డిస్టర్బ్‌డ్" లాంటివి ఉదాహరిస్తూ, ఛందస్సు కోసం మాటలు కత్తిరించారని తప్పంతా కవుల మీద వేశాడు.

నుగాగమం:
ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్లకి ఇక్కడే పని ఉంది. "బ్యానిష్ట్" చివర రాసేది డీ, పలికేది ట్. కంఠం మీద వేలు పెట్టి ధాతువు చివరి ధ్వని పలికించండి. అదిరితే డ్: ప్లేడ్, కాల్డ్, రబ్డ్. అదరకపోతే ట్: వాక్‌ట్, వాష్‌ట్, లాఫ్‌ట్. ధాతువు చివర ట్ గానీ డ్ గానీ ఉంటే మాత్రమే ఇడ్: వాంటిడ్, నీడిడ్. మనవాళ్లు తడబడేది మొదటి రెండింట్లో. అక్షరాలు చూసి "వాకెడ్, వాషెడ్" అంటారు.

అరసున్న:
ఇది సంస్కృతంలో క్, చ్, ట్, త్, ప్‌లు గ్, జ్, డ్, ద్, బ్‌లయ్యే జశ్త్వసంధి లాంటిదేనా?

నుగాగమం:
తలకిందులు. వాక్ + ఈశ "వాగీశ" అయినప్పుడు వెనకున్న అచ్చు ముందున్న హల్లుని మార్చింది. ఇంగ్లీషులో ముందున్న క్, ష్ వెనకొచ్చే డ్‌ని పరుషం (ట్) చేస్తాయి. దగ్గరి పోలిక మన సరళాదేశం. అక్కడా ముందున్న ద్రుతమే (మాట చివరి న్) వెనకదాన్ని మారుస్తుంది, కాకపోతే పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది.

ద్రుతం:
"పలికిన" కాస్తా "బలికిన" అయిన "నేఁ బలికిన" గుర్తొచ్చింది! పోతన ఆ ఒక్క కందంలో "పలుకు" ధాతువుని పలికెడిది, పలికిన, పలికెద, పలుకఁగ అంటూ ఎన్ని రూపాలు తిప్పాడో. క్రియారూపాలు చెప్పాలంటే అంతకన్నా మంచి పద్యం నాకు తెలీదు. ఇంగ్లీషు నియత క్రియకి అంత వైభవం ఎక్కడిది? వాక్, వాక్స్, వాకింగ్, వాక్‌ట్, నాలుగే. భూతకాలానికీ, "హ్యావ్" పక్కన వచ్చేదానికీ రూపం ఒకటే. తక్కిన కాలాలన్నీ "విల్, హ్యాడ్, బీన్" మోయాల్సిందే.

శకటరేఫం:
ఆ ఈడీయే "డిడ్" తునక అనే వాదం ఉంది. ఇంగ్లీషుకి దాయాది అయిన పాత భాష గోథిక్ బహువచనంలో "నసిదేదుమ్", అంటే "కాపాడాం". ఆ "దేదుమ్"లో "డూ" క్రియ కనిపిస్తోందంటారు. అది నిజమైతే "డిడ్ వాక్‌ట్" అన్నవాడు "డిడ్"ని రెండుసార్లు అన్నట్టే. ఆ తప్పు ఎందుకు తప్పో పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

హల్లు:
ఆ వాదం మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు, పిల్లలకి సూత్రంగా చెప్పకండి. ఊనిక నేర్పండి, స్పెల్లింగుకీ అదే పనికొస్తుంది. "ప్రిఫర్"లో ఊనిక చివర, కాబట్టి "ప్రిఫర్డ్"లో రెండు ఆర్‌లు. "విజిట్"లో మొదట, కాబట్టి "విజిటెడ్"లో ఒకటే టీ. "ట్రావెల్"కి బ్రిటిష్‌వాళ్లు ఊనిక చూడకుండా రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికన్లు ఒకటే.

అరసున్న:
నా ప్రశ్న అలాగే ఉంది. పాదం సరిపెట్టడమే అయితే, రోమియో చేత పొడుగు మాట ముందూ పొట్టిది వెనకా ఎందుకు అనిపించాడు?

ద్రుతం:
మన కవి వచ్చెను, వచ్చెన్, వచ్చెలలో ఒకటి ఏరుకున్నట్టే. అక్కడ అర్థభేదం వెతుకుతామా?

అరసున్న:
వెతకం. కానీ ఒకే పాదంలో రెండు రూపాలూ పెడితే వెతుకుతాం.